కొత్తపట్నం, మైపాడు తీరంలో సర్ఫింగ్: ఫోర్‌కాస్ట్ చదివి రోజునూ వేళనూ ఎంచుకోవడం ఎలా

"యాప్‌లో అలల ఎత్తు 1.2 మీటర్లు అని ఉంది. రేపు బోర్డు తీసుకుని వెళ్లొచ్చా?" ఒంగోలు, కావలి, నెల్లూరు నుంచి కొత్తగా బోర్డు పట్టినవాళ్లు అడిగేది దాదాపు ప్రతిసారీ ఇదే. ఎత్తు ఒక్కటీ చూసి జవాబు చెప్పలేం. అదే 1.2 మీటర్లు జులైలో ఒక తెల్లవారుజామున మెత్తగా మోసుకొచ్చి ఒడ్డున దింపుతుంది. నవంబర్‌లో ఉతికి ఆరేస్తుంది.

ఫోర్‌కాస్ట్‌లో ఎత్తును ఆఖరున చూడాలి. ముందు హెచ్చరిక, తర్వాత గాలి, పీరియడ్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి), దిశ, ఆటుపోటు. ఇవన్నీ దాటాకే ఎత్తు. ఈ వరస ఒకసారి అలవాటైతే పట్టిక చదవడానికి రెండు నిమిషాలు చాలు.

ఇది నేర్చుకునే దశలో ఉన్నవాళ్ల కోసం. అడుగున ఇసుక ఉండే తీరంలో, నడుము లోతు నీళ్లలో, విరిగి నురుగై వచ్చే అలల మీద నిలబడటం సాధన చేసేవాళ్ల కోసం. బోర్డు మీద ఎలా లేవాలన్నది ఇందులో లేదు.

## 1. ఇంటి దగ్గర ఉండగానే సిద్ధం చేసుకోవాల్సినవి

మన తీరంలో గజ ఈతగాళ్లు పండగలకీ కార్తీక స్నానాలకీ కనిపిస్తారు. మామూలు రోజు పొద్దున ఆరింటికి మీకు మీరే దిక్కు. అందుకే ఈ జాబితాలో ఒక్కటి తగ్గినా ఆ రోజు ఒడ్డున కూర్చుని చూడటమే పని.

- ఈత: కొలనులో ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి. కాళ్లు ఆనని చోట ఐదు నిమిషాలు వెల్లకిలా తేలగలగాలి. బోర్డు ఉందిగా అనే ధైర్యం పనికిరాదు, లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు) తెగే రోజు ఒకటి వస్తుంది.
- బోర్డు: 8 అడుగులకు తగ్గని ఫోమ్ బోర్డు. బరువు 80 కిలోలు దాటినవాళ్లకి 9 అడుగులది.
- లీష్: దాదాపు బోర్డు పొడవంత. వెల్‌క్రో పట్టు వదులైందేమో, తాడు మీద గాట్లు ఉన్నాయేమో ముందురోజే చూడండి.
- తోడు: ఒడ్డున ఒకరు ఉండాలి. రీల్ తీసే మనిషి తోడు కింద లెక్కకు రాడు, అతని కళ్లు ఫోన్ తెరమీద ఉంటాయి.
- బట్టలు: నీళ్లు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి, వెట్‌సూట్ అక్కర్లేదు. ఎండకీ బోర్డు రాపిడికీ ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల చొక్కా కావాలి.
- ఫోన్‌లో: గాలినీ, స్వెల్‌నీ (దూరపు గాలులు పుట్టించగా ప్రయాణించి వచ్చే అలలు) చూసే యాప్ ఒకటి (విండీ గానీ విండ్‌గురు గానీ), సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వారి సముద్ర యాప్, పిడుగుల కోసం దామిని యాప్. అత్యవసరానికి 112, కోస్ట్ గార్డ్ 1554 నంబర్లు మీ ఫోన్‌లోనే కాదు, ఒడ్డున ఉండే మనిషి ఫోన్‌లోనూ ఉండాలి.

## 2. మన తీరం ఎటు చూస్తోంది?

ఫోర్‌కాస్ట్‌లోని ప్రతి అంకెకూ అర్థం తీరం చూసే దిక్కును బట్టి వస్తుంది. కొత్తపట్నం అయినా, మైపాడు అయినా, వాటి మధ్య ఉన్న తుమ్మలపెంట అయినా ఒడ్డు దాదాపు తూర్పు ముఖంగా ఉంటుంది. ఈ తీరం గురించి మూడు సంగతులు తెలియాలి. మొదటిది గాలి.

పడమటి గాలి అంటే నేల మీద నుంచి సముద్రం మీదికి వీచే గాలి. మెల్లగా వీస్తే అల ముఖాన్ని నిలబెట్టి సాఫీ చేస్తుంది. తూర్పు, ఈశాన్య గాలులు సముద్రం మీద నుంచి ఒడ్డుకు కొడతాయి. అలను వెనక నుంచి తోసి తొందరగా పడగొట్టి, నీళ్లంతా కలగాపులగం చేస్తాయి.

రెండోది శ్రీలంక. మ్యాప్‌లో నెల్లూరు నుంచి కిందికి గీత గీయండి, నేరుగా ఆ ద్వీపానికి తగులుతుంది. హిందూ మహాసముద్రం అడుగు నుంచి వచ్చే పెద్ద స్వెల్ నేరు దక్షిణం నుంచీ నైరుతి నుంచీ వస్తే చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. దక్షిణ ఆగ్నేయం నుంచి వచ్చేదే ఆ ద్వీపం పక్కగా దూరి మన దాకా చేరుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే "యాప్‌లో మీటరు ఉంది, ఒడ్డున చూస్తే మోకాలి ఎత్తు కూడా లేదు" అనే ఫిర్యాదుల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

మూడోది, ఈ తీరంలో ప్రతి చోటూ అనుకూలం కాదు. పెన్నా మొగ, గుండ్లకమ్మ మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర దిగొద్దు. కృష్ణపట్నం, రామాయపట్నం రేవుల గోడల పక్కన అసలే వద్దు. జువ్వలదిన్నె చేపల రేవు దగ్గర బోట్ల రాకపోకలు ఉంటాయి, అక్కడా వద్దు. సోమశిల గేట్లు ఎత్తిన వారం మైపాడు వైపు నీళ్లు బురదగా ఉంటాయి, కొట్టుకొచ్చిన దుంగలు అలల్లో కనపడవు.

## 3. ఏ నెలలో ఏం ఆశించొచ్చు

మార్చి నుంచి మే: తెల్లవారుజామున గాలి తక్కువ. ఎండ ఎక్కి నేల వేడెక్కాక, సాధారణంగా పది, పదకొండు మధ్య, సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. ఏడింటికి అద్దంలా ఉన్న నీళ్లు పన్నెండింటికి గుర్తుపట్టలేనట్టు మారిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్లకు వేట నిషేధం. పడవలు ఒడ్డు మీదే వరసగా ఉంటాయి, వాటి ముందు దిగకండి.

జూన్ నుంచి సెప్టెంబర్: నేర్చుకోవడానికి నేను ముందు చెప్పేది ఈ నెలల పొద్దులే. నైరుతి రుతుపవనాల గాలి మన దగ్గర పడమటి నుంచి వస్తుంది, స్వెల్ కింది నుంచి క్రమం తప్పకుండా అందుతూ ఉంటుంది. రెండు చిక్కులున్నాయి. జూన్‌లో పడమటి గాలి ఒక్కోసారి మరీ జోరుగా వీస్తుంది, అది బోర్డును లోపలికి నెట్టేస్తుంది. సాయంత్రాలు ఉరుములు, పిడుగులు.

అక్టోబర్ నుంచి డిసెంబర్: కొత్తవాళ్లు దిగాల్సిన కాలం కాదు. ఈశాన్య గాలి, కురచ అలలు, దక్షిణానికి ఈడ్చే ప్రవాహం, వీటికి తోడు తుపాన్లు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే పైకి పాకి 5వ తేదీన బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలు సరిగ్గా ఈ నెలల్లోనే వస్తాయి, అదీ పోటు బలంగా ఉండే తిథి నాడు. జనం ఉన్నారు కదా అని ఆ రోజు బోర్డుతో దిగడం రెండు రకాలుగా తప్పు: మీకూ ప్రమాదం, స్నానం చేసే పిల్లలకూ ప్రమాదం.

జనవరి, ఫిబ్రవరి: గాలి క్రమంగా తగ్గుతుంది. చాలా రోజులు అలలు చిన్నవి. మొట్టమొదటిసారి బోర్డు మీద బోర్లా పడుకుని నురుగుతో జారడానికి ఇది చాలు.

## 4. ఫోర్‌కాస్ట్ చదివే వరస

మీ బీచ్ పేరుతో పేజీ దొరక్కపోతే చెన్నై దగ్గరి కోవళం పేజీ చూసి సరిపెట్టుకోకండి. విండీలో మ్యాప్ మీద మీ బీచ్‌కు ఎదురుగా, సముద్రంలోకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పిన్ పెట్టండి. పిన్ నేల మీద పడితే అలల అంకెలు రావు.

### 4.1 హెచ్చరిక

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ జిల్లాలవారీగా ఎత్తైన అలల హెచ్చరికలూ, స్వెల్ హెచ్చరికలూ ఇస్తుంది. వాతావరణ శాఖ తుపాను, అల్పపీడనం సంగతి చెబుతుంది. మత్స్యకారులు వేటకు వెళ్లొద్దు అని ఉందంటే మీరూ వెళ్లొద్దు. కృష్ణపట్నం రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చినా అంతే, అక్కడితో ఆపేయండి. మిగతా అంకెలు చూడక్కర్లేదు.

### 4.2 గాలి

గాలి దిశ ఎప్పుడూ ఎటు నుంచి వస్తుందో చెబుతుంది. 270 డిగ్రీలు అంటే పడమటి నుంచి. అలల దిశకూ ఇదే పద్ధతి. ప్రవాహం దిశ ఒక్కటే తలకిందులు, అది ఎటు పోతుందో చెబుతారు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

యూనిట్ చూసుకోండి. 10 నాట్లు అంటే గంటకు 18.5 కిలోమీటర్లు.

- పడమర లేదా వాయవ్యం, గంటకు 12 కి.మీ. లోపు: మంచిది.
- ఎటు నుంచైనా 6 కి.మీ. లోపు: మంచిదే.
- పడమర 20 కి.మీ. దాటితే: అలలు ఫొటోకు అందంగా ఉంటాయి, నేర్చుకునేవాళ్లు మాత్రం నడుము లోతు దాటి వెళ్లకూడదు. ఒడ్డు వైపు చేతులతో తెడ్డేయడం కష్టమవుతుంది.
- తూర్పు, ఈశాన్యం 15 కి.మీ. దాటితే: ఇంకో రోజు.

యాప్ అంకెలు వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ నుంచి వస్తాయి. ప్రపంచమంతటికీ కలిపి నడిచే మోడల్‌లో ఒక్కో గడి చాలా పెద్దది, కొన్నిటిలో ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. ఒడ్డున మాత్రమే పుట్టే సముద్రపు గాలిని అది సరిగా పట్టుకోలేదు. ఎండాకాలంలో పదకొండు తర్వాత యాప్ చూపే గాలికి మీరే కొంచెం కలుపుకోండి.

### 4.3 పీరియడ్

ఒక అల శిఖరం దాటాక ఇంకో శిఖరం రావడానికి పట్టే సెకన్లు. నా దృష్టిలో పట్టికలో గాలి తర్వాత అతి ముఖ్యమైన అంకె ఇదే.

లోతు నీళ్లలో 6 సెకన్ల అల పొడవు సుమారు 56 మీటర్లు, 12 సెకన్ల అలకి సుమారు 225 మీటర్లు. పీరియడ్ రెట్టింపైతే పొడవు నాలుగింతలవుతుంది. పొడుగు అల ఒడ్డుకు వచ్చేకొద్దీ మరింత లేస్తుంది, మరింత నీటిని మోసుకొస్తుంది. అందుకే 0.8 మీటర్లు, 6 సెకన్లు అంటే చిన్న గలగల. 0.8 మీటర్లు, 13 సెకన్లు అంటే ఛాతీ దాకా లేచే అవకాశం ఉంది.

- 7 సెకన్ల లోపు: దగ్గరి గాలి పుట్టించిన కురచ అలలు. ఒకదాని మీద ఒకటి పడతాయి, లేచి నిలబడే వ్యవధి ఇవ్వవు.
- 8 నుంచి 11: కొత్తవాళ్లకు సరైనది.
- 12 నుంచి 14: ఎత్తు 0.7 మీటర్ల లోపు ఉంటేనే.
- 15, ఆపైన: ఎత్తు ఎంత తక్కువున్నా ఒడ్డున చాలాసేపు చూశాకే నిర్ణయం.

### 4.4 స్వెల్ దిశ

100 నుంచి 165 డిగ్రీల మధ్య ఉంటే మన దాకా సూటిగా వస్తుంది. 180 దాటితే శ్రీలంక అడ్డు గుర్తు తెచ్చుకుని ఎత్తును బాగా తగ్గించి చదువుకోండి. 30 నుంచి 70 మధ్య ఉంటే ఈశాన్యపు అల, చాలాసార్లు దానితోపాటే గాలీ ఉంటుంది.

యాప్‌లో "వేవ్స్" అనే అంకె, "స్వెల్" అనే అంకె వేరు. మొదటిది దగ్గరి గాలి అలలనీ దూరం నుంచి వచ్చిన స్వెల్‌నీ కలిపి చెబుతుంది. స్వెల్ వరసనే చదవండి. రెండో స్వెల్ కూడా ఉంటే దాని దిశ చూడండి. రెండూ బాగా వేర్వేరు దిక్కుల నుంచి వస్తే అలలు అడ్డదిడ్డంగా లేస్తాయి.

### 4.5 ఆటుపోటు

మన దగ్గర రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. తేడా పెద్దది కాదు, పౌర్ణమి, అమావాస్య రోజుల్లో కూడా మీటరు అటూఇటూగా ఉంటుంది. అయినా ఇసుక తీరంలో ఆ మీటరే అల ఎక్కడ విరగాలో తేలుస్తుంది. మీటరు ఎత్తు అల సుమారు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. నీటి మట్టం మారితే ఆ లోతు ఇంకోచోటికి జరుగుతుంది.

- ఆటు పూర్తిగా తీసినప్పుడు: అలలు దూరంగా ఇసుక మెట్ట మీద విరుగుతాయి. మెట్టల మధ్య సందుల్లోంచి నీళ్లు లోపలికి లాగడం ఎక్కువ.
- పోటు నిండినప్పుడు: ఒడ్డు నిటారుగా ఉన్నచోట అల ఇసుక మీదే దభీమని పడుతుంది. మెడకూ భుజానికీ దెబ్బలు తగిలేది ఇక్కడే.
- ఆటు నుంచి పోటుకు ఎక్కుతున్న మధ్య రెండు మూడు గంటలు: ఎక్కువసార్లు ఇదే మంచి వేళ.

వేళల కోసం కృష్ణపట్నం లేదా చెన్నై ఆటుపోట్ల పట్టిక చూడండి. పట్టిక లేకపోతే గోడ మీది క్యాలెండర్ పనికొస్తుంది. పౌర్ణమి, అమావాస్య తర్వాత ఒకటి రెండు రోజులు తేడా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. కొత్తవాళ్లకు అష్టమి చుట్టూ ఉన్న రోజులు నెమ్మదిగా ఉంటాయి.

### 4.6 ఎత్తు

యాప్ చెప్పే ఎత్తు అన్ని అలల సగటు కాదు. అన్ని అలల్లోకీ పెద్దవైన మూడో వంతు అలల సగటు. అంటే అంతకంటే పెద్దవి వస్తూనే ఉంటాయి, ఎప్పుడో ఒకటి దాదాపు రెట్టింపూ రావచ్చు. స్వెల్ 0.5 నుంచి 0.9 మీటర్ల మధ్య ఉంటే నేర్చుకునేవాళ్లకు చాలు. 1.2 దాటితే చూడటానికి వెళ్లండి, బోర్డు కారులో ఉంచండి.

## 5. మూడు పట్టికలు చదివి చూద్దాం

మొదటిది. ఆగస్టు, ఉదయం 6. హెచ్చరిక లేదు. గాలి 280 డిగ్రీలు, 9 కి.మీ. స్వెల్ 0.8 మీటర్లు, 10 సెకన్లు, 155 డిగ్రీలు. పోటు నిండేది 9:10కి. అన్నీ కలిసొచ్చాయి. ఆరింటికల్లా ఒడ్డున ఉండాలి, ఎనిమిదిన్నరకు బయటికి రావాలి.

రెండోది. నవంబర్, ఉదయం 7. గాలి 50 డిగ్రీలు, 22 కి.మీ. అలలు 1.0 మీటరు, 5 సెకన్లు, 60 డిగ్రీలు. ఎత్తు మొదటి పట్టికకు దగ్గరగానే ఉంది. ఎత్తు మొదట చూసేవాళ్లు వెళ్లిపోతారు. గాలి దగ్గరే ఈ పట్టికను మూసేయాలి.

మూడోది తికమక పెట్టేది. మే, ఉదయం 6. గాలి దాదాపు లేదు. స్వెల్ 0.5 మీటర్లు, 17 సెకన్లు, 162 డిగ్రీలు. మరుసటి రోజు గడిలో 1.1 మీటర్లు, 14 సెకన్లు. ఇది దూరపు తుపాను నుంచి బయల్దేరిన స్వెల్ ముందు వరస. పొడుగు పీరియడ్ అలలు వేగంగా నడుస్తాయి, అందుకే ముందు చేరతాయి. ఒడ్డుకు వెళ్తే పది నిమిషాలు చెరువులా ఉంటుంది, తర్వాత నాలుగైదు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రోజు గడిచేకొద్దీ పెరుగుతుంది గానీ తగ్గదు. అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకపోతే వదిలేయండి.

## 6. ఎన్ని రోజుల ముందు ఏది నమ్మొచ్చు

14 సెకన్ల స్వెల్ గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. దక్షిణ సముద్రంలో పుట్టింది మన దాకా రావడానికి దాదాపు వారం పడుతుంది. కాబట్టి స్వెల్ అంకెలు నాలుగైదు రోజుల ముందే కొంత నమ్మొచ్చు. గాలి అంకెలు అలా కాదు.

- నాలుగు రోజుల ముందు: స్వెల్ పీరియడ్, దిశ చూసి "శనివారం బాగుండొచ్చు" అనుకోండి, అంతే.
- ముందురోజు రాత్రి: గాలి రెండు మోడళ్లలో చూడండి. జీఎఫ్‌ఎస్ (అమెరికా మోడల్), ఈసీఎండబ్ల్యూఎఫ్ (యూరప్ మోడల్) రెండూ ఒకే మాట చెబితే బయల్దేరే ఏర్పాటు. చెరో మాట చెబితే పెట్రోలు దండగ కావచ్చని ముందే అనుకోండి.
- బయల్దేరే ముందు: హెచ్చరికలు మళ్లీ ఒకసారి. దామిని యాప్.

కొన్ని సైట్లు గ్రీనిచ్ సమయం చూపిస్తాయి. దానికి ఐదున్నర గంటలు కలపాలి. ఉదయం 6 అని చదివింది మనకు పదకొండున్నర అవుతుంది, అప్పటికి సముద్రపు గాలి మొదలైపోయి ఉంటుంది.

## 7. ఒడ్డున ఇరవై నిమిషాలు

ఒంగోలు నుంచి కొత్తపట్నం, నెల్లూరు నుంచి మైపాడు ఇరవై కిలోమీటర్లు అటూఇటూగానే. అంత దూరం వచ్చాం కదా అని బండి దిగగానే నీళ్లలోకి పరిగెత్తేవాళ్లు ఎక్కువ. బోర్డు ఇసుక మీద పెట్టి, కాస్త ఎత్తుగా ఉన్నచోట, సరుగుడు తోపు అంచునో పడవ అంచు మీదో కూర్చోండి. ఫోర్‌కాస్ట్ చెప్పింది లోతు నీళ్ల సంగతి. మీరు దిగే మెట్టల సంగతి దానికి తెలియదు. అవి ప్రతి ఈశాన్య కాలం తర్వాతా మారిపోతాయి.

మొదటి ఐదు నిమిషాలు, పీరియడ్ కొలవండి. దూరంగా ఒక అల విరిగే చోటును గుర్తు పెట్టుకుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. మొదటి అలను సున్నా అని లెక్కపెట్టి పదో అల దగ్గర ఆపండి. వచ్చిన సెకన్లను పదితో భాగించండి. యాప్ 10 సెకన్లు అంటే మీకు 5 వచ్చిందంటే ఫోర్‌కాస్ట్ తప్పింది, లేదా దగ్గరి గాలి అలలు పైన కూర్చున్నాయి. మీ లెక్కనే నమ్మండి.

ఎత్తు. నీటి అంచున నిలబడి చూడండి. విరగబోయే అల శిఖరం మీ కంటికీ క్షితిజ రేఖకూ ఒకే గీతలో కనిపిస్తే ఆ అల దాదాపు మీ కంటి ఎత్తు. మొదటి పాఠాలకు శిఖరం నడుముకు దిగువగా ఉండాలి. అంటే నిలబడి చూస్తే అల పైన ఇంకా బోలెడు సముద్రం కనిపించాలి.

లాగుడు ఎక్కడుంది? ఈ ఇరవై నిమిషాల్లో అసలు పని ఇదే. ఒడ్డు పొడవునా తెల్లటి నురుగు పట్టీలను చూడండి. రెండు నురుగు పట్టీల మధ్య ఒకచోట అలలు విరగకుండా, నీళ్లు కాస్త ముదురు రంగులో, నెమ్మదిగా కనిపిస్తాయి. చూడటానికి అదే శాంతంగా ఉంటుంది. కుటుంబాలు పిల్లల్ని దింపేదీ అక్కడే. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే కాలువ అది, రిప్ కరెంట్ అనేది దాన్నే. ఇంకా దగ్గరగా చూస్తే ఆ సందులో నురుగు ముక్కలు సముద్రం వైపు కదులుతూ ఉంటాయి, ఇసుక కలిసిన గోధుమరంగు నీళ్లు తోకలా లోపలికి సాగి ఉంటాయి, దాని ఎదురుగా ఒడ్డు కాస్త లోపలికి తొలిచినట్టు వంపు తిరిగి ఉంటుంది.

మత్స్యకారులు ఫైబర్ బోటును లోపలికి తోసేది తరచూ ఇలాంటి సందులోంచే, అలల దెబ్బ తక్కువ కాబట్టి. వాళ్ల దారిలో మీరు నిలబడొద్దు.

పక్క ప్రవాహం. నురుగు ముక్కను ఒకదాన్ని ఎంచుకుని దానితో సమానంగా ఒడ్డున నడవండి. అడుగులో అడుగేసుకుంటూ నడిస్తే సరిపోతే పర్వాలేదు. మామూలు నడక నడవాల్సి వస్తే ఆ రోజు వద్దు. నైరుతి కాలంలో ఇది ఎక్కువగా ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి ఉంటుంది.

అడగండి. వల సర్దుకుంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి "తాతా, ఇవాళ లాగుడు ఎలా ఉంది? ఎక్కడ దిగొచ్చు?" అంటే చెప్పని మనిషి లేడు. "గాలి మళ్లుద్ది, తొమ్మిది లోపు తేల్చుకోండి" అనే మాట మీ యాప్‌లో దొరకదు. ఒడ్డు నుంచి వల లాగుతున్నచోట తాళ్లు నీళ్లలో దూరం దాకా ఉంటాయి, వాళ్లనే అడిగి పక్కకు వెళ్లండి.

దిగే ముందు సరిచూసుకోండి:

- పెద్ద అలల వరస కనీసం ఒక్కటి వచ్చిపోయేదాకా చూశానా?
- లాగుడు సందు ఎక్కడో చేత్తో చూపించగలనా? నా తోడు కూడా చూపించగలడా?
- అడుగున ఇసుకేనా? పాత వలలు, గుంజలు లేవా?
- జెల్లీ చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చి లేవు కదా?
- బయటికి వచ్చే వేళ నా తోడుకు చెప్పానా?

## 8. నీళ్లలో దిగాక

నురుగు పట్టీ ఉన్నచోట, సందుకు కనీసం యాభై అడుగుల దూరంలో దిగండి. పక్క ప్రవాహం ఉంటే దాని ఎగువన మొదలుపెట్టండి. ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకోండి: ముందు ఒక పడవ, దాని వెనకే ఒక కొబ్బరిచెట్టో నీళ్ల ట్యాంకో. అవి ఒకే వరసలో కనిపిస్తున్నంతసేపూ మీరు మొదటి చోటే ఉన్నట్టు. విడిపోతే బయటికొచ్చి, ఒడ్డున నడిచి, మళ్లీ మొదటి చోటికి. నీళ్లలోనే ఎదురీది వెనక్కి రావాలని చూస్తే ఒంట్లో సత్తువ అక్కడే అయిపోతుంది.

నడుము లోతు దాటొద్దు. బోర్డు ఎప్పుడూ మీ పక్కన ఉండాలి. మీకూ అలకూ మధ్య ఉంటే అల దాన్ని మీ మీదికే విసురుతుంది, మీ పళ్లే ఊడతాయి.

లాగుడులో చిక్కితే బోర్డు వదలొద్దు. అదే మీ తెప్ప. దాని మీద బోర్లా పడుకుని ఊపిరి కూడదీసుకోండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి. ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా, నురుగు కనిపించే వైపు తెడ్డేయండి. అలలు విరిగేచోటికి చేరితే అవే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్న తోడు ఉత్త చేతులతో దూకకూడదు. పక్కన మత్స్యకారులుంటే కేకేయాలి, 112కు ఫోన్ చేయాలి.

ఉరుము వినపడితే వెంటనే బయటికి. చెట్టు కిందికీ పడవ కిందికీ కాదు, కారులోకి గానీ పక్కా ఇంట్లోకి గానీ.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

"యాప్‌లో ఉంది, ఒడ్డున లేదు." స్వెల్ దిశ 180 దాటి ఉందేమో చూడండి. లేకపోతే పోటు నిండి మెట్టల మీద నీళ్లు ఎక్కువై అల విరగడం లేదేమో. గంటన్నర ఆగండి, ఆటు తీస్తే మొదలవుతుంది.

"అలలన్నీ ఒడ్డు మొత్తం ఒకేసారి గోడలా కూలుతున్నాయి." ఒకే దిశ నుంచి వచ్చే పొడుగు స్వెల్, నిటారు ఒడ్డు కలిస్తే ఇలా అవుతుంది. వేళ మార్చండి, లేదా ఒడ్డు వెంబడి కిలోమీటరు నడిచి వాలు తక్కువగా ఉన్నచోటు వెతకండి. తడి ఇసుక పట్టీ వెడల్పుగా ఉన్నచోట వాలు తక్కువ.

ఆదివారం మాత్రమే కుదురుతుందని ఆదివారమే వెళ్లడం. కొలువులున్నవాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. అయినా పట్టిక వద్దంటే ఆ ఆదివారం కొలనులో ఈత కొట్టండి. బీచ్‌లో ఆదివారం సాయంత్రం జనం, సముద్రపు గాలి రెండూ ఎక్కువే.

సాయంత్రం వెళ్లడం. సూర్యుడు మన వెనక, నేల వైపు దిగుతాడు. చీకటి త్వరగా పడుతుంది, నీళ్లలో మనిషి కనపడడు. పొద్దున్నే వెళ్లే అలవాటు చేసుకోండి.

మరీ చిన్న అలల రోజును వృథా అనుకోవడం. మోకాలి ఎత్తు నురుగు మీద లేచి నిలబడటం వచ్చేదాకా పెద్ద అలతో పని లేదు.

## 10. నోటు పుస్తకం

నాలుగైదు నెలలు రాస్తే ఇది ఏ యాప్ కంటే ఎక్కువ చెబుతుంది. ఇంటికొచ్చిన రోజే రాయాలి, మర్నాటికి మరిచిపోతాం. వెళ్లి దిగకుండా వచ్చిన రోజులు కూడా రాయండి.

- తేదీ, తిథి, బీచ్, ఒడ్డున ఏ గుర్తుకు ఎదురుగా
- యాప్ చెప్పిన గాలి, స్వెల్ ఎత్తు, పీరియడ్, దిశ
- స్టాప్‌వాచ్‌తో కొలిచిన పీరియడ్, కంటితో చూసిన ఎత్తు
- పోటు, ఆటు వేళలు, అలలు బాగా విరిగిన గంట
- సముద్రపు గాలి మొదలైన వేళ
- లాగుడు సందు ఎక్కడ

అలలు బాగా విరిగిన గంటను పోటు వేళతో కలిపి రాయండి, "పోటుకు రెండు గంటల ముందు" అన్నట్టు. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. శనివారం ఆరున్నరకు బాగుంటే, గాలి అలాగే ఉన్నప్పుడు, ఆదివారం అదే నీటి మట్టం ఏడుంపావు దాటాక వస్తుంది.